మార్చి 1: మార్షల్ దీవుల లెక్కలోకి రానివాళ్లు

సభకు నమస్కారం.

పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవుల్లో మార్చి 1 జాతీయ సంస్మరణ దినం. 1954లో అదే రోజు ఉదయం అమెరికా బికినీ పగడపు దీవుల్లో ‘బ్రావో’ అనే హైడ్రోజన్ బాంబును పేల్చింది. దాని శక్తి సుమారు ఆరు మెగాటన్నులు ఉంటుందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. వెలువడింది 15 మెగాటన్నులు, అంటే హిరోషిమా బాంబుకు సుమారు వెయ్యి రెట్లు. 1946 నుంచి 1958 దాకా ఆ దీవుల్లో జరిగిన 67 పరీక్షల్లో ఇది ఒకటి మాత్రమే.

కథ మొదలైంది 1946లో. ఒక ఆదివారం చర్చి ప్రార్థన ముగిశాక అమెరికా సైనిక గవర్నరు బికినీవాసులను కూర్చోబెట్టి, మానవజాతి మేలు కోసం, యుద్ధాలన్నీ అంతం కావడం కోసం ఊరు వదలమని అడిగాడు. ఆయుధబలంతో పాలిస్తున్నవాడు అడిగినదాన్ని కాదనే స్వేచ్ఛ వారికి ఎంత ఉండిందో మీరే ఊహించుకోవచ్చు. అలా కదిలిన 167 మంది రోంగెరిక్ దీవుల్లో ఆకలితో అలమటించి, చివరకు 1948లో కిలీ అనే దీవికి చేరారు. పగడపు దిబ్బల నడుమ ఉండే సముద్రపు మడుగులో చేపలు పట్టి బతికిన ఆ ప్రజలకు దొరికిన కిలీలో మడుగే లేదు.

బ్రావో పేలినప్పుడు సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని రోంగెలాప్‌లో 64 మంది ఉన్నారు. పేలుడు వేడికి కాలి సున్నమైన బికినీ పగడపు రాయి, రేడియోధార్మికతను నింపుకొని, కొన్ని గంటల తర్వాత తెల్లని పొడిగా వారి మీద రాలింది. అది తాగేనీళ్లలో కలిసింది, వంటల మీద పడింది, పిల్లలు దానితో ఆడుకున్నారు. రాత్రయ్యేసరికి ఒళ్లంతా మంటలు, కళ్లు మంటలు, వాంతులు పట్టుకున్నాయి. తర్వాతి వారాల్లో జుట్టు కుచ్చులుగా ఊడిపోయింది. ఓడ వచ్చి వారిని తీసుకెళ్లింది రెండు రోజులు గడిచాక. ఆపైన వైద్యం పేరుతో వారిపై మొదలైన పరిశీలనకు ‘ప్రాజెక్ట్ 4.1’ అని పేరు. 1957లో, ఇక భయం లేదని చెప్పి, వారిని తిరిగి రోంగెలాప్‌కే పంపారు. ఆ దీవిలో వారు నివసించడం వల్ల మనుషుల్లో రేడియేషన్ గురించి ఎంతో విలువైన సమాచారం దొరుకుతుందని అమెరికా ప్రయోగశాల నివేదికలోనే రాసి ఉంది. ప్రమాద సమయానికి పదేళ్లలోపు ఉన్న పిల్లల్లో చాలామందికి తర్వాత థైరాయిడ్ గడ్డలు వచ్చాయి. చివరకు 1985లో గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ వారి ఓడ ఎక్కి ఊరు ఊరంతా వెళ్లిపోయింది.

రోంగెలాప్ గురించి ఇంత చెప్పగలుగుతున్నామంటే, వారిని ఎవరో లెక్కపెట్టారు కాబట్టి. నేను ముఖ్యంగా గుర్తుచేయదలచినది ఐలుక్ దీవులను. అక్కడ దాదాపు 400 మంది ఉన్నారు, అణుధూళి అక్కడా పడింది, అధికారులకు ఆ సంగతి తెలుసు. అయినా అంతమందిని తరలించడం పెద్ద పని అని వారిని అక్కడే వదిలేశారు. ఆ తర్వాత అమెరికాతో కుదిరిన ఒప్పందంలో బాధిత ప్రాంతాలుగా నిలిచినవి బికినీ, ఎనెవెటక్, రోంగెలాప్, ఉట్రిక్ అనే నాలుగే. బాధ తగిలిందా లేదా అన్నది గాలివాటం చూసి కాక, పాలనావసరం చూసి నిర్ణయమైంది. ఈ విషయంలో మార్షల్ దీవుల అణు నష్టపరిహార ట్రిబ్యునల్ న్యాయంగా ఆలోచించింది: పరీక్షల కాలంలో ఆ దేశంలో ఎక్కడ నివసించినవారైనా, నిర్ణీత జాబితాలోని జబ్బు వస్తే, రేడియేషన్ వల్లనే వచ్చిందని విడిగా రుజువు చేయనక్కర లేదంది. అది ప్రకటించిన పరిహారం 200 కోట్ల డాలర్లు దాటింది. అమెరికా పెట్టిన నిధి 15 కోట్లు. డబ్బు అయిపోయింది, పూర్తి పరిహారం అందకుండానే అనేకులు పోయారు.

ఇందులో మన దేశానికీ రెండు పాత్రలున్నాయి. బ్రావో జరిగిన నెల రోజులకే, 1954 ఏప్రిల్ 2న, నెహ్రూ లోక్‌సభలో ఇలాంటి పేలుళ్లను తక్షణం నిలిపివేసే ఒప్పందం కావాలని కోరారు. ఆరు దశాబ్దాల తర్వాత, 2014లో, అణ్వస్త్ర దేశాలు నిరాయుధీకరణ బాధ్యతను విస్మరించాయంటూ మార్షల్ దీవులు అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లినప్పుడు, ప్రతివాదుల్లో భారత్ కూడా ఉంది. ఈ కేసు విచారించే అధికారం న్యాయస్థానానికి లేదని మన ప్రభుత్వం వాదించింది. 2016 అక్టోబరులో 9-7 తేడాతో ఆ వాదనే నెగ్గింది. చట్టరీత్యా అది నిలబడిన వాదనే కావచ్చు. కానీ నెహ్రూ ప్రకటనను గర్వంగా తలుచుకునే మన సభల్లో ఈ రెండో సంగతి దాదాపు వినబడదు, అది నాకు సబబుగా తోచదు.

ఈరోజు మనం చదవబోయే దీవుల పేర్ల పట్టికలో మొదట ఆ నాలుగే ఉన్నాయి. ఐలుక్‌ను, బ్రావో వెలుగును చిన్నప్పుడు చూసి, తర్వాత విదేశాంగ మంత్రిగా ఆ దావా వేయించిన టోనీ డి బ్రమ్ పెరిగిన లికియెప్‌ను చేర్చమని నిర్వాహకులను అడిగాను. వారు చేర్చారు. ఇక ఆ పట్టిక చదవడం మొదలుపెట్టవచ్చు.