వెయ్యి రూపాయలు ఫైన్ వేస్తే సిగరెట్ మానేస్తారా? స్టూడియో చర్చ పూర్తి పాఠం

(రాత్రి ప్రత్యక్ష ప్రసారం. స్టూడియోలో నలుగురు: ఊపిరితిత్తుల వైద్యురాలు, హైకోర్టు లాయర్, ప్రకాశం జిల్లా పొగాకు రైతు నాయకుడు, సిగరెట్ మానేసిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నిజామాబాద్ నుంచి ఫోన్‌లో బీడీ కార్మిక నాయకురాలు. ఒకేసారి ముగ్గురు అరిచిన చోట అర్థమైనంత వరకే రాశాం. రైతు నాయకుడు మూడోసారి, నాలుగోసారి చెప్పినవి కొన్ని వదిలేశాం. అయినా ఆయన వాటానే ఎక్కువ.)

యాంకర్: నమస్కారం. కర్ణాటకలో బహిరంగ ప్రదేశాల్లో సిగరెట్ తాగితే ఉన్న 200 రూపాయల ఫైన్‌ని 2025లో వెయ్యికి పెంచారు. పొగాకు కొనే వయసు 18 నుంచి 21 చేశారు, హుక్కా బార్లు మూయించారు. మన దగ్గర కూడా అదే చట్టం తేవాలని కొందరు, వద్దని కొందరు. సూటి ప్రశ్న: జేబుకు చిల్లు పడితే జనం సిగరెట్ మానేస్తారా, మానరా? అందరికీ సమానంగా టైమ్ ఇస్తాను. డాక్టర్ గారూ, ఒక్క మాటలో చెప్పండి.

డాక్టర్: ఒక్క మాటలో కుదరదండీ. అసలీ చట్టం తెచ్చింది తాగేవాడి చేత మాన్పించడానికి కాదు, పక్కన కూర్చున్నవాడు ఆ పొగ పీల్చకుండా...

యాంకర్: దానికి వస్తాను మేడమ్. మానేస్తారా, మానరా?

డాక్టర్: కొందరు తగ్గిస్తారు, కొందరు...

రైతు నాయకుడు: నేను చెప్తా సార్. మానరు! మా ఊరి బస్టాండ్‌లో బోర్డు పెట్టారు. ఆ బోర్డు స్తంభానికే వీపు ఆనించి తాగుతారు. రెండొందలు కాదు, రెండు వేలు చెయ్యండి. పక్క సందులోకి పోయి తాగుతాడు. మానడు.

లాయర్: ఫైన్ వెయ్యకుండానే ఫైన్ పని చెయ్యదంటే ఎలా సార్? బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగొద్దనే 2003 పొగాకు చట్టం సెక్షన్ 4 చదవండి. 2008 అక్టోబర్ 2 నుంచి రూల్స్ అమల్లో ఉన్నాయి. ఫైన్ వేసే అధికారం పోలీసులకే కాదు, స్టేషన్ మాస్టర్‌కి ఉంది, పోస్ట్‌మాస్టర్‌కి ఉంది, హెడ్మాస్టర్‌కి ఉంది. ఎంతమంది హెడ్మాస్టర్లకి ఆ సంగతి తెలుసు?

రైతు నాయకుడు: అవునవును, హెడ్మాస్టర్ చేతికి రసీదు పుస్తకం ఇవ్వండి. పిల్లలకు ఎక్కాలు చెప్పడం మానేసి బడి బయట సిగరెట్లు లెక్కపెట్టుకుంటాడు.

(నవ్వులు)

లాయర్: నవ్వే విషయం కాదండీ. రూల్స్‌లో ఇంకోటి కూడా ఉంది. బహిరంగ ప్రదేశంలో యాష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటర్ పెట్టకూడదు. మీరు ఏ టీ కొట్టుకైనా వెళ్లండి. గల్లా పక్కన మేకుకి దారం కట్టి లైటర్ వేలాడేసి ఉంటుంది. వందమంది చేతులు పడి ఆ దారం జిడ్డెక్కి నల్లగా అయిపోయి ఉంటుంది. దాని పైనే నో స్మోకింగ్ బోర్డు.

యాంకర్: అంటే లైటర్ తీసేస్తే మానేస్తారంటారా?

లాయర్: నేను చెప్పేది లైటర్ గురించి కాదండీ, అమలు గురించి!

యాంకర్: అమలు సరే. వెయ్యి రూపాయల భయం పని చేస్తుందా లేదా? మీరు మానేశారు కదా, మీరు చెప్పండి. ఫైన్‌కి భయపడ్డారా?

ఉద్యోగి: నాకు ఒక్కసారి కూడా ఫైన్ పడలేదు సార్. అసలు రసీదు ఎలా ఉంటుందో కూడా చూడలేదు. కానీ ఆఫీసులో నిషేధం మాత్రం నా మీద పని చేసింది. మాది హైటెక్ సిటీలో పదకొండో అంతస్తు. తాగాలంటే లిఫ్ట్ కోసం ఆగాలి, దిగాలి, గేటు దాటి రోడ్డు మీదికి రావాలి. తిరిగొచ్చాక మేనేజర్ గడియారం చూసుకుంటాడు. దాంతో బాగా తగ్గింది.

లాయర్: విన్నారా? నిషేధం పని చేసింది!

ఉద్యోగి: పూర్తిగా వినండి సార్. కిందికి వెళ్లినప్పుడు ఒకటి బదులు రెండు తాగేసి వచ్చేవాణ్ణి, మళ్లీ ఎప్పుడు కుదురుతుందో అని. ఇక 2020లో వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చింది. బాల్కనీలో కుర్చీ, ఒళ్లో ల్యాప్‌టాప్, మీటింగ్ మ్యూట్‌లో. అడిగేవాడు లేడు, ఒకదాని వెనక ఒకటి. అన్నాళ్లూ నన్ను ఆపింది ఆ లిఫ్టేనని అప్పుడు అర్థమైంది.

రైతు నాయకుడు: చూశారా బాబూ, నువ్వే చెప్తున్నావు. ఇంట్లో తాగావు. నిషేధం పెడితే ఇంట్లో తాగుతారు, పెళ్లాం బిడ్డల మొహాన పొగ వదులుతారు. దానికంటే బస్టాండే నయం!

డాక్టర్: అది కూడా లెక్క చూశారండీ. ఇంట్లో పొగ పీల్చేవాళ్లు మన దేశంలో 2009-10 సర్వేలో 52 శాతం. 2016-17 సర్వేకి 39 శాతానికి తగ్గారు. బయట నిషేధిస్తే ఇంట్లో పెరుగుతుందనే భయం ఆ అంకెల్లో కనిపించదు.

యాంకర్: మరి మానేసినవాళ్లు?

డాక్టర్: పెద్దవాళ్లలో పొగ తాగేవాళ్లు అదే సర్వేల్లో 14 శాతం నుంచి 10.7కి వచ్చారు.

లాయర్: చట్టం వల్లే!

రైతు నాయకుడు: పన్నుల వల్ల! రేటు పెంచి చంపారు కాబట్టి!

డాక్టర్: ఇద్దరూ ఆగండి. ఆ ఏడేళ్లలో పన్నులు పెరిగాయి, 2016 ఏప్రిల్ నుంచి ప్యాకెట్ మీద 85 శాతం బొమ్మ హెచ్చరిక వచ్చింది, నిషేధమూ ఉంది. ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పడం కష్టం. విదేశాల్లో విడదీసి చూసే ప్రయత్నం చేశారు. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష ప్రకారం, ఆఫీసుల్లో పూర్తిగా నిషేధించిన చోట పొగ తాగేవాళ్లు 3.8 శాతం పాయింట్లు తగ్గారు. మానలేనివాళ్లు కూడా రోజుకి మూడు సిగరెట్లు తక్కువ తాగారు. ఈ బాబు లిఫ్ట్ కథే అది. కానీ 2016లో వైద్య పరిశోధనల్ని సమీక్షించే కోక్రేన్ సంస్థ వాళ్లు దేశాల చట్టాల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, గుండె జబ్బులు తగ్గాయని గట్టిగా తేలింది, మానేసే విషయంలో మాత్రం ఫలితాలు అన్ని చోట్లా ఒకేలా లేవు...

రైతు నాయకుడు: అదీ! డాక్టరమ్మే చెప్పేసింది, మానరని!

డాక్టర్: నేను అలా అనలేదండీ.

రైతు నాయకుడు: ఒకేలా లేవన్నారా లేదా?

డాక్టర్: ఒకేలా లేవన్నాను. మానరని అనలేదు.

యాంకర్: కానీ మేడమ్, ప్రేక్షకుడికి అలాగే వినిపిస్తుంది కదా.

డాక్టర్: అందుకే పూర్తిగా చెప్పనివ్వండి. స్కాట్లాండ్‌లో 2006 మార్చిలో నిషేధం వచ్చాక ఆస్పత్రుల్లో గుండెపోటు కేసులు 17 శాతం తగ్గాయి. అలా తప్పిన కేసుల్లో ఎక్కువమంది అసలు సిగరెట్ తాగనివాళ్లే, అంటే...

రైతు నాయకుడు: స్కాట్లాండ్ మనకెందుకమ్మా? కొండపికి రండి, టంగుటూరుకి రండి. వేలం కేంద్రంలో బేళ్లు పెట్టుకుని పొద్దున్నుంచి కూర్చుంటాడు రైతు. కొనేవాడు లేడని నోబిడ్ చీటీ రాసి పడేస్తే ఆ బేలు ఎత్తుకుని మళ్లీ ఇంటికి. 2025లో నల్లబర్లీ రకం పొగాకు సంగతి చూడండి. పర్చూరు వైపు పొగాకు కట్టలు ఇళ్లలో పేరుకుపోయాయి, కంపెనీలు మొహం చాటేశాయి, చివరికి ప్రభుత్వ సంస్థ మార్క్‌ఫెడ్ దిగి కొనాల్సొచ్చింది. ప్రభుత్వమే 1976లో గుంటూరులో పొగాకు బోర్డు పెట్టింది. మాకు పండించమని లైసెన్సులు ఇస్తోంది, అమ్మిపెడుతోంది, పన్ను తీసుకుంటోంది. మళ్లీ అదే ప్రభుత్వం తాగొద్దని ఫైన్ వేస్తుంది. ఇదేం న్యాయం? పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కి పెట్టిన పెట్టుబడి ఎవడిస్తాడు? దాంట్లో కాల్చే పుల్ల ధర ఎంత, కూలి ఎంత...

(ఇక్కడ ఆయన దాదాపు మూడు నిమిషాలు ఆగకుండా మాట్లాడారు. పుల్ల, కూలి, కౌలు, బ్యాంకు వడ్డీ అన్నీ నిజమైన బాధలే. ఫైన్ వల్ల సిగరెట్ మానతారా అనే ప్రశ్నకి వాటితో సంబంధం ఏమిటో యాంకర్ అడగలేదు.)

లాయర్: ఒక్క ప్రశ్న సార్. ఒక్కటే. నిషేధం వల్ల ఎవరూ మానరని మీరే అంటున్నారు. ఎవరూ మానకపోతే మీ పొగాకు అమ్ముడుపోతూనే ఉంటుంది కదా. మరి వెయ్యి రూపాయల ఫైన్ అంటే మీకు భయమెందుకు?

రైతు నాయకుడు: భయమా? నాకా? వకీలు గారూ, మీరు ఎప్పుడైనా పొగాకు నారు పీకారా?

లాయర్: నారు సంగతి కాదు, నా ప్రశ్నకి...

రైతు నాయకుడు: పీకలేదు కదా! అక్కడే ఉంది తేడా!

యాంకర్: మంచి పాయింట్. చిన్న విరామం తర్వాత కొనసాగిద్దాం.

(విరామం)

యాంకర్: మళ్లీ స్వాగతం. నిజామాబాద్ నుంచి బీడీ కార్మిక నాయకురాలు లైన్‌లో ఉన్నారు. అమ్మా, వినిపిస్తోందా?

బీడీ నాయకురాలు: వినిపిస్తాంది సారూ.

యాంకర్: ఫైన్ వెయ్యి చేస్తే బీడీలు తాగడం మానేస్తారా?

బీడీ నాయకురాలు: తాగేటోళ్ల ముచ్చట నాకేమెరుక సారూ. చుట్టేటోళ్ల ముచ్చట అడుగుండ్రి. మా ఆడోళ్లు తునికాకు కత్తిరించి, చాట ఒళ్లె పెట్టుకుని పొద్దంత చుడతరు. తాగకుండనే దగ్గు పట్టుకుంటది, ఆ తంబాకు దుమ్ముకు. బీడీ కట్ట మీద హెచ్చరిక బొమ్మ పెట్టిన్నాడు గూడ మమ్మల్ని ఎవ్వరు అడగలే. వేరే పని చూపెట్టుండ్రి, రేపే బంద్ జేస్తం. అది చెప్పకుండ...

(లైన్ తెగింది)

యాంకర్: లైన్ కట్ అయినట్టుంది. సో, బీడీ కార్మికులు కూడా ఫైన్‌కి వ్యతిరేకమే.

డాక్టర్: ఆవిడ ఫైన్ గురించి ఒక్క మాట కూడా అనలేదండీ.

యాంకర్: భావం అదే కదా మేడమ్.

డాక్టర్: కాదండీ. నాకొక్క నిమిషం ఇవ్వండి. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో పెద్ద వయసు ఆడవాళ్లు కొందరు చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగుతారు. అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిలి క్యాన్సర్ వస్తుంది. వాళ్లు తాగేది ఇంటి అరుగు మీద, పొలం గట్టు మీద. వాళ్ల దగ్గరికి ఏ చలానా వెళ్తుంది? అక్కడ నిషేధం కాదు, వెళ్లి మాట్లాడే మనిషి కావాలి.

యాంకర్: నిప్పు లోపల పెట్టుకుంటే నోరు కాలదా అండీ?

డాక్టర్: పెదాలు మూసి తాగుతారు, నోట్లో తడి ఉంటుంది కాబట్టి అలవాటైనవాళ్లకి తెలియదు. బూడిద ఉమ్మేస్తారు, ఒక్కోసారి మింగేస్తారు.

యాంకర్: అమ్మో! అది ఎలా మొదలైందంటారు?

డాక్టర్: దాని గురించి రకరకాలుగా చెప్తారు, మనం అసలు విషయానికి...

రైతు నాయకుడు: మా అమ్మమ్మ చుట్ట తాగింది. తొంభై ఏళ్లు బతికింది. కళ్లజోడు లేకుండా బియ్యంలో రాళ్లు ఏరేది.

లాయర్: మీ అమ్మమ్మ గారితో చట్టాలు చెయ్యలేం కదా సార్!

రైతు నాయకుడు: మా అమ్మమ్మని అనకండి!

(కొంతసేపు అరుపులు. ఏమీ అర్థం కాలేదు.)

యాంకర్: శాంతం, శాంతం. బాబూ, మీరు చివరికి ఎలా మానేశారు? ఫైన్ భయంతో కాదన్నారు కదా.

ఉద్యోగి: కౌన్సెలింగ్‌కి వెళ్లాను సార్. నికోటిన్ గమ్ వాడాను. ఆఫీసు మళ్లీ తెరిచారు, ఆ లిఫ్ట్ కూడా సాయపడింది. ఒక్కటే అని చెప్పలేను.

డాక్టర్: నేనూ అదే చెప్తున్నాను. తాగే అవకాశం తగ్గించి, అదే సమయంలో చెయ్యి అందించాలి. 2018 నుంచి సిగరెట్ ప్యాకెట్ మీదే హెల్ప్‌లైన్ నంబర్ వేస్తున్నారు, 1800-11-2356.

రైతు నాయకుడు: ప్యాకెట్ ఎవడు కొంటున్నాడమ్మా? టీ కొట్టులో ఒకటి ఇవ్వన్నా అంటాడు. ఆ ఒక్కదాని మీద బొమ్మా లేదు, నంబరూ లేదు.

డాక్టర్: ఈ మాట మాత్రం నిజం. లూజు అమ్మకం ఆపకపోతే ఆ హెచ్చరికలు చూసేది కొట్టువాడు ఒక్కడే.

రైతు నాయకుడు: చూశారా, నాతో ఏకీభవించారు!

యాంకర్: టైమ్ దగ్గరపడింది. ఒక్కొక్కరు ఒక్క వాక్యం. లాయర్ గారూ?

లాయర్: 1999లో కేరళ హైకోర్టు, 2001లో సుప్రీంకోర్టు పక్కవాడి ఊపిరి హక్కు గురించే చెప్పాయి. మాన్పించడం గురించి కాదు. మనం రాత్రంతా తప్పు ప్రశ్న...

యాంకర్: ఒక్క వాక్యం అన్నాను సార్. డాక్టర్ గారూ, ఫైన్‌తో మానేస్తారా? అవునా, కాదా?

డాక్టర్: ఫైన్ ఒక్కదానితో అందరూ మానరు, కానీ...

యాంకర్: మానరు. థాంక్యూ. చివరగా రైతు నాయకుడి గారి మాట.

రైతు నాయకుడు: మొదట్నుంచీ నేను చెప్పిందే తేలింది సార్. పొగాకు వద్దంటే సాగే ఆపండి, బ్యారన్లకి నష్టపరిహారం ఇవ్వండి. ఆపరా, మద్దతు ధర ఇవ్వండి. మధ్యలో ఈ బోర్డులు, ఈ ఫైన్లు, ఈ...

లాయర్: తేలలేదండీ, ఏమీ తేలలేదు. నా ప్రశ్నకి జవాబే...

యాంకర్: చూశారు కదా, వెయ్యి కాదు, ఎంత వేసినా మానడం కష్టమేనని మన ప్యానెల్ అభిప్రాయపడింది.

డాక్టర్: ప్యానెల్ అలా అభిప్రాయపడలేదు.

యాంకర్: రేపు ఇదే సమయానికి మరో చర్చతో కలుద్దాం. నమస్కారం.

(టైటిల్ సంగీతం మొదలయ్యాక కూడా మైకులు కాసేపు ఆన్‌లోనే ఉన్నాయి. రైతు నాయకుడు ఈసారి బర్లీ కింటా ఎంతకి పోయిందో డాక్టర్‌కి చెబుతున్నారు.)