ఆపేవాళ్లు లేని స్టేషన్లు

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది పిల్లలు జర్మనీలో ఉన్నారు. కొందరు చదువుతున్నారు, కొందరికి ఉద్యోగాలూ వచ్చాయి. ఈ ఎండాకాలం వాళ్ల దగ్గర రెండు నెలలు ఉండి రావాలని మీరు టికెట్లు తీసుకున్నారు. విమానం గురించి నేను చెప్పక్కర్లేదు. విమానాశ్రయంలో అడుగడుక్కీ ఎవరో ఒకరు ఆపి, కాగితం చూసి, ఇటు వెళ్లండి అంటారు. దిగాక ఎక్కే రైలు గురించే నా బెంగంతా.

అక్కడి రైల్వే స్టేషన్‌లో మనల్ని ఎవరూ ఆపరు. గేటు ఉండదు. రోడ్డు మీంచి నడుచుకుంటూ నేరుగా ప్లాట్‌ఫారం మీదికి, అక్కణ్నుంచి బోగీలోకి వెళ్లిపోవచ్చు. మన ఊళ్లో తప్పు రైలెక్కితే పక్క సీటాయన "ఇది సికింద్రాబాద్ వెళ్లదండీ" అని దింపేస్తాడు. అక్కడ తప్పు రైలు తలుపు కూడా అంతే మర్యాదగా తెరుచుకుంటుంది. ఎవరూ ఆపలేదు కాబట్టి మనం చేసింది సరైనదే అనుకోవడం దగ్గరే మనవాళ్లు దెబ్బతింటున్నారు.

నేనూ తిన్నాను. మొదటిసారి మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు పక్క ఊరికి వెళ్దామని మెషీన్‌లో టికెట్ కొని పర్సులో భద్రంగా పెట్టుకున్నాను. రైల్లో తనిఖీకి వచ్చినాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముద్ర లేదన్నాడు. ప్లాట్‌ఫారం దగ్గర నడుమెత్తులో చిన్న పెట్టె ఉంటుంది. టికెట్ అందులో దూరిస్తే తారీఖు, టైము పడతాయి. అవి పడందే ఆ టికెట్ చెల్లదు. 60 యూరోలు కట్టాను. డబ్బు పోయినందుకంటే, టికెట్ లేనివాళ్ల లెక్కలో నిలబడినందుకు వారం రోజులు మనసు బాగోలేదు. కొన్ని ఊళ్లలో మెషీనే తారీఖు అచ్చువేసి ఇస్తుంది. ఫోన్లో కొన్న టికెట్‌కి ముద్ర గొడవే లేదు. మీ పిల్లలుండే ఊళ్లో పద్ధతేమిటో ఇవాళే అడిగి రాసి పెట్టుకోండి.

ఇక స్టేషన్‌లో గోడల మీద పసుపు రంగు పెద్ద కాగితం కనిపిస్తుంది. అది బయల్దేరే రైళ్లకి. మీకు కావలసింది అదే. అందులో ప్లాట్‌ఫారం నంబరు ఉంటుంది. దాన్ని వాళ్లు గ్లైస్ అంటారు. ఆ కాగితం చూసేసి కూర్చోవద్దు. చివరి నిమిషంలో గ్లైస్ మారడం మామూలే, ఆ మార్పు పైన వేలాడే ఎలక్ట్రానిక్ బోర్డు మీదే కనిపిస్తుంది. బోర్డు మీద ఫెల్ట్ ఔస్ అని ఉంటే ఆ రైలు రద్దయిందని అర్థం.

రిజర్వేషన్ కాగితం మీద బోగీ నంబరుంటే ప్లాట్‌ఫారం పొడవునా ఏ, బీ, సీ అని ఉన్న పలకలు చూసుకోండి. మీ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో బోర్డు చెప్తుంది. రైలు ఆగేది రెండు మూడు నిమిషాలే. కూలీ దొరకడు. పచ్చళ్ల పెట్టెలు లాక్కుంటూ ఆ చివర్నుంచి ఈ చివరకి పరుగెత్తడం మన వయసులో కుదిరే పని కాదు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం తప్పకుండా గుర్తుంచుకోండి. అక్కడ ఒకే రైలు మధ్యలో రెండుగా విడిపోవచ్చు. బెర్లిన్ నుంచి పడమరకి వెళ్లే ఐసీఈ రైళ్లలో, అంటే దూరపు ఊళ్లకి వేగంగా పోయే రైళ్లలో, కొన్ని హామ్ అనే స్టేషన్ దాకా కలిసి వస్తాయి. అక్కడ విడిపోయి, ఒక సగం డోర్ట్‌మండ్, ఎస్సెన్ మీదుగా డ్యూసెల్డార్ఫ్ వైపు, ఇంకో సగం హాగెన్, వుప్పర్‌టాల్ మీదుగా కొలోన్ వైపు పోతాయి. రెండు సగాల మధ్య లోపల దారి ఉండదు. ఖాళీగా ఉందని ముందు సగంలో కూర్చుంటే, ఎక్కింది సరైన రైలే అయినా ఇంకో ఊళ్లో దిగుతారు. అందుకని రైలు పేరు చూసి ఎక్కొద్దు. మీరెక్కబోయే బోగీ తలుపు పక్కన ఏ ఊరు రాసి ఉందో చదివి ఎక్కండి.

ఫ్రాంక్‌ఫర్ట్ మెయిన్ స్టేషన్‌లో పట్టాలు అక్కడితో ఆగిపోతాయి. అందుకని లోపలికొచ్చిన రైలు వెనక్కి తిరిగి బయల్దేరుతుంది. వచ్చిన దారినే పోతున్నామని కంగారుపడి దిగేయకండి. హౌరా వైపు వెళ్లే రైలు విశాఖపట్నంలో ఎలా తిరుగుతుందో ఇదీ అంతే. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో స్టేషన్లు రెండు: దూరపు రైళ్లకి ఒకటి, దగ్గరి ఊళ్లకి ఒకటి. టికెట్ మీద ఏది ఉందో ముందే చూసుకోండి.

సీటు సంగతి. ఐసీఈలో టికెట్ వేరు, సీటు రిజర్వేషన్ వేరు. రిజర్వేషన్ లేకుండా కూడా ఎక్కొచ్చు గానీ సీటు దొరుకుతుందన్న హామీ లేదు. పెద్దవాళ్లు ఆ కొద్ది యూరోలూ మిగుల్చుకోవద్దని నా మాట. సీటు బుక్ చేసుకున్నా, రైలు కదిలిన పావుగంటలోపు వెళ్లి కూర్చోకపోతే దాని మీద మీకు హక్కు పోతుంది.

చవక టికెట్ కొంటే అది ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. కానీ గమ్యానికి 20 నిమిషాలో అంతకంటే ఎక్కువో ఆలస్యం అయ్యేలా ఉంటే ఆ నిబంధన ఉండదు, వేరే రైలెక్కొచ్చు. గంట ఆలస్యమైతే ఛార్జీలో 25 శాతం, రెండు గంటలైతే సగం వెనక్కి అడగొచ్చు. విపరీతమైన వాతావరణం లాంటి కారణాలకి ఇది వర్తించదు. పరాయి దేశంలో మనకెందుకులే అని వదిలేసేవాళ్లు మనలో చాలామంది. అడగండి, అది మీ హక్కు.

నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ 2023 మేలో 49 యూరోలకు మొదలైంది, తర్వాత ధర పెరిగింది. దేశమంతా ఊరి బస్సులు, ట్రాములు, చిన్న రైళ్లన్నిటికీ అది చాలు. ఐసీఈ ఎక్కడానికి మాత్రం పనికిరాదు.

ఎంత చెప్పినా దారి తప్పేవాళ్లు తప్పుతారు. అప్పుడు బాన్‌హోఫ్స్‌మిస్సియోన్ అన్న పేరు వెతకండి. సుమారు వంద స్టేషన్లలో వాళ్ల గది ఉంటుంది. చర్చిలు నడిపే సేవ అది, డబ్బు తీసుకోరు, మీ మతమేదని అడగరు. 1894లో బెర్లిన్‌లో మొదలైంది. పల్లెల నుంచి పనికోసం ఒంటరిగా నగరానికొచ్చే ఆడపిల్లలు మోసగాళ్ల చేతిలో పడకుండా స్టేషన్‌లోనే ఎదురెళ్లి తీసుకురావడానికి పెట్టారు. ఇవాళ నీలం రంగు కోట్లు వేసుకుని, పెద్దవాళ్లని చెయ్యి పట్టుకుని ఒక రైలు దించి ఇంకో రైలెక్కిస్తారు. కాసేపు కూర్చోబెట్టి టీ ఇస్తారు. భాష రాకపోయినా టికెట్ చూపిస్తే చాలు. ఆ పేరు పెద్దక్షరాలతో రాసిన చీటీలు తెచ్చాను, పాస్‌పోర్ట్‌లో పెట్టుకోండి.

రైలు టికెట్లు వెంట తెచ్చుకున్నవాళ్లు ముందు వరుసలోకి రండి. ఎక్కడ మారాలో, ఏ బోగీనో ఒక్కొక్కటీ కలిసి చూద్దాం.