ధర చెప్పే పని నాకు వద్దు

అధ్యక్షులకు, సహచర వైద్యులకు, వెనుక వరుసల్లో నిలబడి వింటున్న హౌస్ సర్జన్లకు నమస్కారం. సన్మానాలకే గంట గడిచింది కనుక నేరుగా విషయానికి, అంటే ఆరోగ్యశ్రీ పథకం నుంచి వైదొలగుతామన్న మన ముసాయిదా తీర్మానానికి వస్తాను.

అందరికీ ఉచిత వైద్యం వస్తే వైద్యుడి గతి ఏమిటన్న భయం పాతది. బ్రిటన్‌లో 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలయ్యే ముందు, తాము సర్కారు నౌకర్లమైపోతామని అక్కడి వైద్యుల సంఘం గట్టిగా ఎదిరించింది. స్పెషలిస్టులకు ప్రైవేటు ప్రాక్టీసు వదిలిపెట్టి ఆరోగ్య మంత్రి అనైరిన్ బెవాన్ వారిని ఒప్పించుకున్నారు. కెనడాలోని సస్కాచెవాన్‌లో 1962లో వైద్యులు ఇరవై మూడు రోజులు సమ్మె చేస్తే, క్లినిక్ వైద్యుడిదే, డబ్బు ప్రభుత్వానిది అన్న రాజీతో అది ముగిసింది.

1991లో నేను ఈ నగరంలోనే ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో పనిచేసేవాణ్ణి. పేగు మెలిపడిన హమాలీని ఒక అర్ధరాత్రి తీసుకువచ్చారు. ఖర్చు చెప్పే పని యజమాని నా మీద పెట్టాడు. నేను అంకె చెప్పగానే ఆ మనిషి భార్య మారుమాట లేకుండా తాడు నుంచి పుస్తెలు విప్పి కేస్‌షీటు మీద పెట్టి, ‘పసుపుకొమ్ము కట్టుకుంటాను లెండి’ అంది. కాగితానికి పసుపు మరక అంటుకుంది. అతను బతికాడు, పుస్తెలు ఏమయ్యాయో నేను అడగలేదు. ఈ సంగతి ఇక చెప్పకూడదనుకుంటూనే ప్రతి సభలోనూ చెబుతున్నాను, మన్నించాలి.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలై, తరువాత రాష్ట్రమంతటికీ వచ్చింది. తెల్ల కార్డు ఉన్నవారికే పరిమితం కనుక దాన్ని సార్వత్రికం అనలేము. అయినా కార్డున్న రోగితో డబ్బు మాట ఎత్తవలసిన పని నాకు తప్పింది. బదులుగా కొత్త పనులు వచ్చాయి. ముందస్తు అనుమతి కోసం ఎదురుచూడాలి, ప్యాకేజీ ధరకు కట్టుబడాలి, నయమైన రోగిని చొక్కా పైకెత్తమని కుట్లు కనబడేలా ఫొటో తీయించాలి. ఇవన్నీ చేశాను, విసుక్కుంటూనే చేశాను. నన్ను కుంగదీసింది ప్రభుత్వ బకాయి. బిల్లు నెలల తరబడి రాకపోతే నర్సుల జీతాలు నా ఫిక్స్‌డ్ డిపాజిట్ విరిచి ఇచ్చాను. మందుల దుకాణం వాడు అప్పు ఇక ఇవ్వలేనని నమస్కారం పెట్టాడు.

రాజస్థాన్‌లో 2023లో ఆరోగ్య హక్కు చట్టాన్ని ఎదిరించి వైద్యులు వీధికెక్కినప్పుడు, అత్యవసర చికిత్సకు డబ్బు ఎవరు, ఎప్పుడు ఇస్తారని నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దాన్ని పట్టుకుని ఉచిత వైద్యమే వద్దనడం మాత్రం నాకు మింగుడుపడదు. మన తెలంగాణలో 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచినప్పుడు నేను సంతోషించాను, ఆ వెంటనే బిల్లుల సంగతి గుర్తొచ్చి దిగులూ పడ్డాను.

హౌస్ సర్జన్లారా, రేపు ఆ అంకె చెప్పవలసింది మీరే. అందుకే అధ్యక్షులవారికి నా మనవి: మన తీర్మానంలో ‘పథకం నుంచి వైదొలగుతాం’ అన్న వాక్యం కొట్టివేసి, గడువు దాటిన ప్రతి బిల్లుకూ వడ్డీ కట్టాలని రాయండి. గడువు ఎన్ని రోజులో సభే తేల్చాలి. ముసాయిదా కాగితం నా చేతిలోనే ఉంది. ఎవరైనా ఒక పెన్ను ఇవ్వండి.