ఇల్లు వెంటబెట్టుకుని చుట్టపు చూపుకు

సభకు నమస్కారం.

నన్ను పిలిచినవారు “మీ ఆర్వీ ప్రయాణాల గురించి పది నిమిషాలు చెప్పండి, ఫోటోలు మాత్రం వద్దు” అన్నారు. ఆర్వీ అంటే మంచం, వంటగది, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉన్న బండి. వారి ముందుచూపు నాకు నచ్చింది. గ్రాండ్ కాన్యన్ ముందు నిలబడి తీయించుకున్న బొమ్మ మీ అందరి ఇళ్లలోనూ ఉన్నదే. మనుషులు మాత్రమే వేరు.

మేం బండి కొన్నది కాన్యన్ల కోసం కాదు. సంగతి 1977లో మొదలైంది. ఆ ఏడు ఆగస్టులో నేను అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని రోలా అనే చిన్న ఊళ్లో చదువుకోవడానికి దిగాను. ఆ రోజుల్లో కొత్త ఊరికి వెళితే మనం ఏం చేసేవాళ్లమో ఈ సభలో సగం మందికి గుర్తుండే ఉంటుంది. ఫోన్ బూత్‌లో గొలుసుతో కట్టిన డైరెక్టరీ తెరిచి రావులు, రెడ్లు ఎవరైనా ఉన్నారేమో వెతికేవాళ్లం. “మీరు తెలుగువారేనా అండీ?” అని అడగడమే ఆలస్యం, అవతలివాళ్లు కారు తీసుకుని వచ్చేసేవారు. వాళ్ల ఇంట్లో కార్పెట్ మీద నాలుగు రాత్రులు పడుకునేవాళ్లం. పెళ్లయ్యాక మా ఇంటికీ అలాగే వచ్చారు. మా స్నేహాలన్నీ అలా కార్పెట్ల మీద పుట్టినవే.

ఇప్పుడు ఆ స్నేహితులకు డెబ్బై దాటింది. చూడాలని ఉంటుంది. కానీ మేం వస్తున్నామంటే ఆ ఇల్లాలు రెండు రోజుల ముందే పప్పు నానబోస్తుంది. ఆవిడకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. పోనీ హోటల్లో దిగుదామంటే, “మా ఇల్లుండగా హోటలా?” అని ఆరు నెలలు మాట్లాడరు. అందుకని కొన్నేళ్లపాటు ఎక్కడికీ వెళ్లలేదు. పొద్దున్నే పువ్వుల బొమ్మతో శుభోదయం సందేశాలు పంపుకుంటూ గడిపాం. ఒకరోజు మా ఆవిడే అంది: “మన మంచం మనమే పట్టుకెళితే వాళ్లకు దుప్పట్లు ఉతికే పని ఉండదు కదండీ.”

అలా కొన్నాం, వాడిన బండి, పాతికడుగులది. గ్యాలన్‌కు తొమ్మిది మైళ్లు ఇస్తే సంతోషం. ఖర్చు తగ్గించే ఉపాయం ఒకటుంది, 62 దాటినవారు రాసుకోండి. 80 డాలర్లు కడితే జాతీయ పార్కులకు జీవితాంతం చెల్లే సీనియర్ పాస్ ఇస్తారు. అది చూపిస్తే అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం కట్టిన జలాశయాల ఒడ్డున ఉన్న క్యాంపు స్థలాల్లో అద్దె సగమే.

బండి సంసారం వేరు. పోపు వేసేముందు పైకప్పు కిటికీ తెరిచి ఫ్యాను వేయకపోతే, ఎండుమిరపకాయ చిటపటలాడగానే పొగ అలారం క్యాంపు మొత్తాన్ని నిద్రలేపుతుంది. మురుగు ట్యాంకులు రెండు. బ్లాక్ ట్యాంకు మరుగుదొడ్డిది, గ్రే ట్యాంకు స్నానానికీ గిన్నెలకూ. ముందు బ్లాక్ వాల్వు తెరవాలి, అది ఖాళీ అయ్యాకే గ్రే. అప్పుడు సబ్బు నీళ్లు వెనకాల వచ్చి గొట్టాన్ని కడిగేస్తాయి. మొదటిసారి నేను తిరగేసి చేశాను. సభ అయ్యాక భోజనాలున్నాయి కనుక ఇంతకన్నా వివరించను.

మేం ఉండే డాలస్ నుంచి ఒక్లహోమా మీదుగా 44వ నంబరు ఇంటర్‌స్టేట్ రహదారి పట్టుకుని రోలా చేరాం. నా డిగ్రీ కాగితం మీదున్న పేరుతో అక్కడ కాలేజీ లేదు. 2008లో పేరు మార్చి మిస్సోరి యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ అన్నారు. నేను అద్దెకున్న ఇంటి చోట కార్లు నిలుపుతున్నారు. నేను వెళ్లిపోయాక, 1984లో, నీటి ధారతో గ్రానైట్‌ను కోసి ఇంగ్లండ్‌లోని పురాతన రాళ్ల కట్టడం స్టోన్‌హెంజ్‌కు సగం కొలతలో నమూనా కట్టారు. మా ఆవిడ దాని చుట్టూ తిరిగి “ఇదేనా?” అంది. అరగంటలో బయలుదేరాం.

ఇలినాయ్ రాష్ట్రంలోని పియోరియా కథ వేరు. అక్కడ 1982-83లో మట్టి తవ్వే యంత్రాలు చేసే క్యాటర్‌పిల్లర్ కంపెనీ కార్మికులు 205 రోజులు సమ్మె చేశారు. ఆ తర్వాతా ఊరు తేరుకోలేదు. జనం ఇళ్లు అమ్ముకుని వెళుతుంటే 1984లో మేం చవకగా కొనుక్కున్నాం. ఒకరి కష్టం మా మొదటి ఇల్లయింది, ఆ మాట మేం ఇంట్లో ఎప్పుడూ అనుకోలేదు. విచిత్రం చూడండి, మేం టెక్సస్‌లో స్థిరపడ్డాక ఆ కంపెనీ కూడా 2022లో తన ప్రధాన కార్యాలయాన్ని మా పక్కనే ఉన్న ఇర్వింగ్‌కు మారుస్తున్నట్టు ప్రకటించింది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్న అమ్మాయి లోపలికి రమ్మంది. హాలు, పడకగదులు మా ఆవిడ పట్టించుకోలేదు. తిన్నగా బేస్‌మెంట్‌కు దిగింది. ఇలినాయ్ చలికాలంలో ఇడ్లీ పిండి పులవక ఏడుపొచ్చే రోజుల్లో, గిన్నెను ఇంటిని వేడిచేసే పాత ఫర్నేస్ పక్కన ముక్కాలిపీట మీద పెట్టేది. లోపల పైలట్ అనే చిన్న మంట ఎప్పుడూ వెలుగుతుండేది కనుక ఆ మూల వెచ్చగా ఉండేది. ఇప్పుడున్నది కొత్త రకం ఫర్నేస్, అందులో ఆ మంట ఉండదు. మా ఆవిడ దాని రేకు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు ఉంచి, “ఇక్కడ పిండి పులవదు” అంది. ఆ అమ్మాయికి ఏమని తర్జుమా చేయాలో తెలియక, ఇల్లు చాలా బాగుందంటోంది అని చెప్పాను.

అక్కడి నుంచి పిట్స్‌బర్గ్. 1976లో ఆ ఊరి శివారు పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి వెలిశాక పియోరియా నుంచి రాత్రంతా కారు నడుపుకుని వెళ్లేవాళ్లం. స్వామికెంత దండం పెట్టామో, పులిహోరకు అంతకు రెట్టింపు. నా రోలా గదిమిత్రుడు ఇప్పుడు అక్కడే ఉంటాడు. అంతా కొండ, వాడి డ్రైవ్‌వే కూడా వాలే. మా ఫ్రిజ్‌కు కంప్రెసర్ లేదు, గ్యాసు మంటతో నడుస్తుంది. అందులో అమ్మోనియా ద్రవం తనంత తాను జారి తిరగాలి, బండి ఒరిగితే ఆగిపోతుంది. మావాడు రిటైరైన సివిల్ ఇంజనీరు. గ్యారేజీలోంచి రసమట్టం తెచ్చి మా బండిలోని వంటగట్టు మీద పెట్టి, “ఎడమ ముందు చక్రం కింద ఇంకో పలక వెయ్యవోయ్” అంటూ గంటసేపు నాతో పనిచేయించాడు. గాలిబుడగ నడిమధ్య ఆగేదాకా ఒప్పుకోలేదు.

మర్నాడు ఆరింటికి తలుపు కొట్టారు. వాడు లుంగీలో, ఆవిడ స్వెటర్‌లో. “కాఫీ దొరుకుతుందా అమ్మా?” అన్నాడు, తన డ్రైవ్‌వేలోనే తాను అతిథిగా. ఆవిడ కమ్మీ పట్టుకుని మూడు మెట్లూ ఎక్కింది. మా ఆవిడ పెసరట్లు పోస్తుంటే, “నేను చేస్తాలే వదినా” అని మూడుసార్లు లేచింది. ఆ వంటగదిలో ఇద్దరు నిలబడే చోటు లేదు. తప్పక కూర్చుని, వేడివేడిగా మూడు తింది.

వచ్చే ఏప్రిల్‌లో నార్త్ కరోలినాలోని డర్హమ్ వెళుతున్నాం. అక్కడ లారీల పైకప్పులు ఒలవడంలో పేరుపొందిన రైలు వంతెన ఒకటుంది. ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలు ఉండేది, 2019లో 12 అడుగుల 4 అంగుళాలకు పెంచారు. మా బండి 11 అడుగుల 3 అంగుళాలు. అయినా మా ఆవిడ ముందు తను దిగి చూస్తానంటోంది.

దారిలో మీ ఇల్లుంటే చెప్పండి. ముప్ఫై అడుగుల డ్రైవ్‌వే, మామూలు ప్లగ్గు ఒకటి చాలు. ఏసీ వేయంలెండి, మీ బ్రేకర్ పడిపోతుంది. మీ కాలనీ సంఘం రాత్రిపూట బండి నిలపనివ్వకపోతే మాత్రం ముందే చెప్పాలి. ఆరింటికి తలుపు కొట్టండి. కాఫీపొడి మాదే.