ప్యానెల్ వెనక ఏముందో మనకే తెలియాలి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకూ, ఆదివారం పూట ఇంత దూరం వచ్చిన మీకూ కృతజ్ఞతలు. ఇక్కడ డాలస్‌లో మనవాళ్ళు కొందరు కిట్ కొని సొంతంగా విమానం కట్టుకుంటున్నారు కాబట్టి, రెక్కల గురించీ ఇంజన్ల గురించీ చెప్పమన్నారు నిర్వాహకులు. క్షమించాలి, అవి మరోసారి. ఇవాళ వైర్ల గురించే మాట్లాడతాను.

పైలట్ ముందు మీటర్లూ రేడియోలూ బిగించే పలకనే ప్యానెల్ అంటాం. దాని వైరింగ్‌కి మూడు దారులున్నాయి. షాపుకిచ్చి మొత్తం చేయించుకోవచ్చు. పరికరాలన్నీ ఒక హబ్‌లో కలిసేలా రెడీమేడ్ కేబుళ్ళు తెప్పించుకోవచ్చు. లేదా ఒక్కో వైరూ మనమే కొలిచి, కోసి, కొసకి పిన్ను తొడిగి నొక్కి బిగించుకోవచ్చు, అంటే క్రింప్ చేసుకోవచ్చు. ఏదైనా ఒకటేలే అంటారు చాలామంది. నేను ఒప్పుకోను.

నా మిత్రుడొకాయన ఆర్‌వి-7 అనే కిట్ విమానం కట్టి, ప్యానెల్ మాత్రం ఒక షాపులో చేయించాడు. ముందు నుంచి చూస్తే కళ్ళు చెదిరేది. ఇంజన్ స్టార్ట్ చేస్తే హెడ్‌సెట్‌లో సన్నగా కూత. ఇంజన్ వేగం పెంచితే కూతా పెరిగేది. అంటే, ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ రొద. విప్పి చూస్తే అన్నీ తెల్ల వైర్లే, ఒక్కదానికీ లేబుల్ లేదు. ఏ వైరు ఎక్కడికి పోతుందో చూపే డ్రాయింగ్ పంపమని షాపుకి ఫోన్ చేస్తే, అది మా కొటేషన్‌లో లేదన్నారు! మనిషి ప్రాణం పెట్టుకుని ఎగిరే యంత్రమండీ అది. డ్రాయింగ్ లేకుండా ఎలా అప్పగిస్తారు? ఇప్పటికీ నా కోపం తగ్గలేదు.

మీటర్ పట్టుకుని ఒక్కో వైరూ వెతికాం. ఇంటర్‌కామ్ గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైరు, ఒకచోట, రేడియో గ్రౌండ్ మరోచోట, మైకు జాక్ నేరుగా ప్యానెల్ రేకుకి. ఆ చోట్ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా చాలు, రొద చెవిలో పడుతుంది. జాక్‌లకు ఇన్సులేటింగ్ వాషర్లు వేసి, ఆడియో గ్రౌండ్లన్నీ ఒకేచోటికి తెచ్చి, వైరు చుట్టూ ఉండే లోహపు అల్లికని, అంటే షీల్డ్‌ని, ఒక కొసనే గ్రౌండ్‌కి కలిపాక కూత ఆగింది. డ్రాయింగ్ ఉంటే ఒక పూట పని!

కూత కనీసం వినబడింది. వినబడనివీ ఉంటాయి. 1998 సెప్టెంబర్ 2న న్యూయార్క్ నుంచి జెనీవా బయల్దేరిన స్విస్‌ఎయిర్ 111, నోవా స్కోషియా దగ్గర సముద్రంలో కూలి 229 మంది చనిపోయారు. పైకప్పు లోపల వైర్లలో ఆర్కింగ్ జరిగి, అంటే నిప్పురవ్వలు లేచి, పక్కనున్న ఇన్సులేషన్ పొర అంటుకుని ఉంటుందని కెనడా దర్యాప్తు తేల్చింది. అలాంటి ఆర్కింగ్ అన్నిసార్లూ, కరెంటు మించితే ఆపేసే మామూలు బ్రేకర్‌కి చిక్కదు.

తమ్ముళ్ళూ, అమ్మాయిలూ, ఇది రాసుకోండి. బ్రేకర్ ఉన్నది వైరుని కాపాడటానికి, రేడియోని కాదు. 22 గేజ్ మందం వైరుకి 5 ఆంపియర్ల బ్రేకర్ పెడతాం. హార్డ్‌వేర్ షాపులో దొరికే పీవీసీ వైరు వద్దు, అది కాలితే విషపు పొగ. 150 డిగ్రీల సెల్సియస్ తట్టుకునే టెఫ్జెల్ పూత ఉన్న వైరు కొనండి. సోల్డర్ చేస్తే, కరిగిన ఆ లోహం వైరు లోపలికి పాకి గట్టిపడినచోటే అదురుకి వైరు తెగుతుంది. సరైన పనిముట్టుతో క్రింప్ చేయండి, క్రింప్ చేసిన చోటికి పక్కనే వైరుని కదలకుండా కట్టండి.

అమెరికా నిబంధన ఈ విమానాలను చదువు కోసమో వినోదం కోసమో కట్టుకోమంటుంది. ప్యానెల్ బయట చేయించుకోవడాన్ని కాదనదు. కానీ మనం ఎక్కే విమానంలో కరెంటు ఎటు పోతుందో తెలియకపోతే అందులో చదువేముంది?

నేను మూడో దారే పట్టమంటాను. తీరిక లేకపోతే హబ్ తీసుకోండి, ప్రతి పిన్‌కీ లెక్కున్న డ్రాయింగ్ మాత్రం అడగండి. ఇస్తామని రాతపూర్వకంగా చెప్పేదాకా అడ్వాన్స్ కట్టకండి. క్రింపర్, టెఫ్జెల్ ముక్కలు తెచ్చాను. ముందు వరసలోవాళ్ళు ఇలా రండి, చేసి చూపిస్తాను.