వెడల్పు పాదాలకు రన్నింగ్ షూ: ముందు కొలత, తర్వాతే స్టెబిలిటీ

అందరికీ నమస్కారం.

పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూనో, విశాఖ బీచ్ రోడ్డు మీదో పరిగెత్తేవాళ్లలో పాదం వెడల్పుగా ఉన్నవాళ్లందరూ షాపులో ఈ మాట వినే ఉంటారు: "మొదట్లో కాస్త టైటుగా ఉంటాయి సార్, వేసుకోగా వేసుకోగా సాగుతాయి." తోలు చెప్పులకైతే అది నిజమే. రన్నింగ్ షూ పైభాగం మాత్రం సింథటిక్ దారంతో నేసిన మెష్. కొన్ని మోడళ్లలో చిటికెన వేలి పక్కన పలుచని ప్లాస్టిక్ పొర కూడా అతికిస్తారు. అది అక్కడ ఉన్నదే సాగకుండా ఉండటానికి. పైగా పరుగులో పాదం ఉబ్బుతుంది. షాపులో కొంచెం కరిచిన షూ పదో కిలోమీటరు దగ్గర ఇంకా గట్టిగా కరుస్తుంది.

అప్పుడు రెండో సలహా వస్తుంది: "అయితే ఒక సైజు పెద్దది తీసుకోండి." అసలు నష్టం దీనితోనే. యూకే లెక్కలో ఒక సైజు పెరిగితే పొడవు సుమారు 8.5 మి.మీ. పెరుగుతుంది. వెడల్పు పెరిగేది రెండు మి.మీ.కి కాస్త అటూ ఇటూ. అంటే మీకు కావలసింది పిసరంత దొరికి, అక్కర్లేనిది బోలెడు వస్తుంది. షూ వంగే చోటు బొటనవేలి కీలును దాటి ముందుకు పోతుంది. మడమ లేచి లేచి పడుతుంది. దాన్ని ఆపడానికి లేసు బిగిస్తే పాదం పైన నరం నొక్కుకుని వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఫ్లైఓవర్ దిగేటప్పుడు పాదం ముందుకు జారి బొటనవేలి గోరు నల్లబడుతుంది. చాలామంది ఆ గోరును చూసి షూ చిన్నదైందనుకుని ఇంకో అర సైజు పెంచుతారు!

ఇక ఈ రోజు ముఖ్యంగా చెప్పదలచుకున్న సంగతి. ఇరుకు షూలో వెడల్పు పాదం మిడ్‌సోల్, అంటే పాదానికీ కింది రబ్బరు అడుగుకూ మధ్య ఉండే మందపాటి ఫోమ్, అంచు దాటి పక్కకు పొర్లుతుంది. అంచున ఫోమ్ మధ్యలో కంటే తేలిగ్గా అణుగుతుంది కాబట్టి పాదం అటే ఒరుగుతుంది. లోపలి వైపు ఒరిగితే, వెనక నుంచి చూసేవాళ్లకు చీలమండ లోపలికి కూలుతున్నట్టు కనిపిస్తుంది. వెంటనే "మీకు ఓవర్‌ప్రొనేషన్ ఉంది, స్టెబిలిటీ షూ కావాలి" అంటారు. అంటే పాదం మరీ లోపలికి ఒరుగుతోంది, ఆ ఒరుగుడును ఆపే షూ కావాలని. అదే మనిషికి సరైన వెడల్పు షూ తొడిగి చూస్తే ఆ ఒరుగుడు తగ్గడం మామూలే. అందుకే వెడల్పు తేలకుండా స్టెబిలిటీ గురించి తీర్పు చెప్పకూడదు.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. సాయంత్రం పూట, పరుగుకు వేసుకునే సాక్సుతోనే. గోడకు ఆనించి నేల మీద కాగితం పరవండి, మడమ గోడకు తాకేలా నిలబడండి, బరువు రెండు కాళ్ల మీద సమానంగా ఉండాలి. గీత ఇంకొకరు గీయాలి. మీరే వంగి గీస్తే బరువు మారి కొలత తప్పుతుంది. పెన్సిల్ నిలువుగా పట్టాలి, లోపలికి వాలితే పాదం సన్నగా వస్తుంది. గోడ నుంచి అన్నిటికంటే పొడవైన వేలి కొస దాకా పొడవు. కొందరికి అది బొటనవేలు కాదు, దాని పక్క వేలు. బొటనవేలి మొదట్లో పొడుచుకు వచ్చే ఎముక నుంచి చిటికెన వేలి మొదట్లోని ఎముక దాకా, ఏటవాలుగా, వెడల్పు. ఆ రెండు ఎముకల మీదుగానే టేపు చుట్టి చుట్టుకొలత. రెండు పాదాలూ కొలిచి, పెద్దదాని కోసం కొనండి.

ఆ అంకెలతో ఏం చేయాలి? జపాన్ ప్రమాణం ఒక అందాజా ఇస్తుంది. అందులో మగవాళ్లకు 25 సెం.మీ. పొడవు పాదానికి చుట్టుకొలత 243 మి.మీ. అయితే వెడల్పు 'ఈ' (E), 249 అయితే '2ఈ' (2E). అక్షరానికి 6 మి.మీ. చొప్పున పెరుగుతుంది. అమెరికన్ కంపెనీల 2ఈ దీనితో సరిగ్గా సరిపోదు. వాళ్ల పద్ధతిలో మగవాళ్ల మామూలు వెడల్పు డి, వెడల్పు రకం 2ఈ, మరీ వెడల్పు 4ఈ. ఆడవాళ్లకు మామూలు బి, వెడల్పు డి, ఆపైన 2ఈ. ఆడవాళ్ల డి, 2ఈ మన షాపుల్లో దొరకడం గగనం. కాబట్టి పాదం వెడల్పుగా ఉన్న మహిళలు అదే సెంటీమీటర్ల మగవాళ్ల షూ వేసి చూడటంలో మొహమాటపడకండి. మడమ దగ్గర వదులుగా లేకపోతే చాలు. షూ నాలుక మీద చీటీలో ఉండే సెంటీమీటర్ల అంకెనే చూడండి, మిగతా సైజులు కంపెనీని బట్టి మారతాయి. యూకే 9 కొన్నింటిలో అమెరికన్ 10, అడిడాస్‌లో 9.5.

మన పాదాలు వెడల్పన్నది ఒట్టి ఊహ కాదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థ 2021 డిసెంబరు, 2022 మార్చి మధ్య 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను కొలిపించింది. భారతీయుల పాదాలు సాధారణంగా వెడల్పుగా ఉంటాయని తేలింది. దాని ఆధారంగానే 'భ' అనే సొంత సైజు పద్ధతిని ప్రతిపాదించారు.

షాపులో మొదటి పని, ఇన్‌సోల్, అంటే షూ లోపల పాదం కింద ఉండే పలుచని మెత్త, బయటికి తీసి దాని మీద నిలబడటం. పాదం అంచు దాటి బయటికి వస్తే ఆ షూ పక్కన పెట్టేయండి. ముందు వైపు సుమారు 10 నుంచి 12 మి.మీ. ఖాళీ ఉండాలి. తర్వాత తొడుక్కుని, పాదం అన్నిటికంటే వెడల్పుగా ఉన్నచోట మెష్‌ను రెండు వేళ్లతో గిల్లి చూడండి. కొంచెం చేతికి రావాలి. డప్పు చర్మంలా బిగుసుకుని ఉంటే ఇరుకే. 2ఈ అని పెట్టె మీద ఉన్నంత మాత్రాన నమ్మేయకండి. కొన్ని మోడళ్లలో పై గుడ్డ మాత్రమే పెంచి కింద అదే మిడ్‌సోల్ వాడతారు. అప్పుడు కరవడం తగ్గుతుంది, పొర్లడం మాత్రం అలాగే ఉంటుంది. డి రకాన్నీ 2ఈ రకాన్నీ తిరగేసి, అడుగులు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

స్టెబిలిటీకి వద్దాం. పాత పద్ధతిలో మిడ్‌సోల్ లోపలి వైపు గట్టి ఫోమ్ ముక్క పెట్టేవారు. అరికాలు చదునుగా ఉన్నవాళ్లలో కొందరికి అది సరిగ్గా ఆర్చ్, అంటే అరికాలి వంపు, కింద గుచ్చుకుని బొబ్బలు తెప్పించేది. ఇప్పుడు చాలా కంపెనీలు దాన్ని వదిలేశాయి. బ్రూక్స్ అడ్రినలిన్ జీటీఎస్‌లో మడమకు రెండు వైపులా గట్టులాంటివి ఉంటాయి. ఏసిక్స్ కయానో 2023లో 30వ రకంతో ఆ గట్టి ముక్కను తీసేసి అడుగును వెడల్పు చేసింది. హోకా అరాహీలో 7వ రకం దాకా మడమ చుట్టూ తిరిగి లోపలి వైపుకు వచ్చే గట్టి ఫోమ్ ఉండేది. వెడల్పు, స్టెబిలిటీ రెండూ కావాలంటే అడ్రినలిన్, కయానో, న్యూ బ్యాలెన్స్ 860లతో మొదలుపెట్టండి. మూడూ 2ఈ, 4ఈల్లో తయారవుతాయి.

వీటి అవసరం ఎవరికి? తడి పాదం ముద్రలో అరికాలి ఆకారం చూసి షూ రకం చెప్పే పద్ధతిని మేము నమ్మం. అమెరికా సైన్యంలో అరికాలి ఆకారాన్ని బట్టి షూ పంచి చూశారు, గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. డెన్మార్క్‌లో 927 మంది కొత్త రన్నర్లకు ఒకే రకం మామూలు షూ ఇచ్చి ఏడాది గమనించారు, పాదం లోపలికి ఒరిగేవాళ్లకు గాయాలు ఎక్కువ కాలేదు. అలాగని స్టెబిలిటీ షూ దండగ అనడానికీ లేదు. 2016లో లక్సెంబర్గ్ పరిశోధకులు ప్రచురించిన ఫలితాల్లో, పాదం బాగా లోపలికి ఒరిగేవాళ్లకు మోషన్ కంట్రోల్ షూ, అంటే ఆ ఒరుగుడును అదుపు చేసే రకం, మేలు చేసింది. మా లెక్క ఇది: సరైన వెడల్పు షూ వేసుకున్నా మోకాలి కింద ముందు వైపు ఎముక లోపలి అంచున నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే, పాత షూ బల్ల మీద పెట్టినప్పుడు వెనక నుంచి లోపలికి వాలి కనిపిస్తే, స్టెబిలిటీ రకం ప్రయత్నించండి. మడమ బయటి అంచు అరగడం మాత్రం దాదాపు అందరికీ ఉండేదే, దానికి కంగారు వద్దు. స్టెబిలిటీ షూలో పైనుంచి గట్టి ఆర్చ్ ఇన్‌సోల్ పెట్టకండి. దిద్దుబాటు రెండింతలై పాదం బయటికి పొర్లుతుంది, లోపలి చోటూ తగ్గిపోతుంది.

మెత్తగా, ఎత్తుగా, అడుగు సన్నగా ఉండే రేస్ షూ ఇలాంటి పాదానికి అన్నిటికంటే చెడ్డ బేరం. ఆల్ట్రా కంపెనీ షూల వంటి, వేళ్ల దగ్గర విశాలమైన షూలు హాయిగానే ఉంటాయి. కాకపోతే వీటిలో చాలావాటికి మడమకూ వేళ్లకూ ఎత్తు తేడా ఉండదు కాబట్టి పిక్కల మీదా మడమ వెనక ఉండే స్నాయువు (అకిలిస్ టెండన్) మీదా భారం పడుతుంది. వారానికి ఒకటి రెండు చిన్న పరుగులతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి.

లేసుతోనూ కొంత చోటు సంపాదించవచ్చు. పాదం వెడల్పుగా ఉన్నచోట ఒక జత రంధ్రాలు అడ్డంగా దాటించకుండా, లేసును అదే వైపున నిట్టనిలువుగా పైకి తీసుకుపోండి. మడమ జారకుండా పైన మిగిలే ఆఖరి రంధ్రంలో లేసును చిన్న ఉచ్చుగా వేసి, అవతలి లేసును అందులోంచి లాగి కట్టండి.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక మాట. అరికాళ్ల స్పర్శ తగ్గి ఉంటే షూ ఇరుకైనా తెలియదు, "హాయిగా ఉంది" అన్న మీ తీర్పు పనికిరాదు. కాగితం కొలత, ఇన్‌సోల్ పరీక్షనే నమ్మండి. కొత్త షూతో మొదటి వారం రోజూ సాక్సు తీసి, వేళ్ల మధ్యా మడమ చుట్టూ ఎరుపు ఉందేమో చూసుకోండి.

ఆ పక్క బల్ల మీద కాగితాలు, పెన్సిళ్లు, టేపులు ఉన్నాయి. ఇద్దరిద్దరు జతగా వచ్చి ఒకరి పాదం ఒకరు గీసుకోండి. పాత షూలు తెచ్చినవాళ్లు వాటి ఇన్‌సోళ్లు బయటికి తీసి పెట్టండి, ముందు అవి చూద్దాం.