క్వార్టర్ (పావు డాలర్ నాణెం) వేస్తే కదిలే లోకం: శాన్ ఫ్రాన్సిస్కో మ్యూజే మెకానిక్

[దృశ్యం: అద్దాల పెట్టెలో నిలువెత్తు బొమ్మ, ముందుకీ వెనక్కీ ఊగుతూ]

పళ్ల మధ్య సందు, ఎర్రటి ఉంగరాల జుట్టు. ఈవిడే లాఫింగ్ సాల్. నాణెం పడగానే పగలబడి నవ్వుతుంది. ఆ నవ్వుకి కొందరు పిల్లలు భయపడి అమ్మ కొంగు పట్టుకుంటారు కూడా!

శాన్ ఫ్రాన్సిస్కోలో ఫిషర్‌మన్స్ వార్ఫ్ అనే రేవు ప్రాంతంలో, పియర్ 45 అనే రేవు కట్ట మీద ఉంది సాల్ ఉండే ఈ మ్యూజే మెకానిక్ మ్యూజియం. నాణెంతో నడిచే పాత యంత్రాలు 300కి పైనే. మన రైల్వే స్టేషన్‌లో రంగుల లైట్లు తిప్పుతూ, బరువుతో పాటు జాతకం చీటీ ఇచ్చే మెషిన్ గుర్తుందా? దాని చుట్టాలన్నీ ఇక్కడే ఉన్నాయి.

[దృశ్యం: పాత నలుపు తెలుపు ఫొటోలు, సముద్రపు ఒడ్డు]

ఎడ్వర్డ్ జెలిన్స్కీ వీటిని పోగు చేయడం మొదలుపెట్టింది 1933లో. అప్పటికి ఆయన వయసు 11 ఏళ్లు! పెద్దయ్యాక ఆ యంత్రాలను ఊరి పడమటి తీరంలోని ప్లేల్యాండ్ అనే వినోదాల పార్కులో పెట్టాడు. 1972లో పార్కు మూతపడింది. యంత్రాలు దగ్గర్లోనే ఉన్న క్లిఫ్ హౌస్ కింది అంతస్తుకు చేరాయి. 2002లో ఆ భవనానికి మరమ్మతులు మొదలవడంతో మళ్లీ మూటాముల్లె సర్దుకుని వార్ఫ్‌కు వచ్చాయి.

[దృశ్యం: మ్యూటోస్కోప్, క్లోజప్]

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ మ్యూటోస్కోప్, ఒక్కరే చూసే పాతకాలపు సినిమా పెట్టె. నాణెం వేసి, కళ్లు ఆనించి, పిడి తిప్పాలి. లోపల చక్రానికి వందల ఫొటో కార్డులు గుచ్చి ఉంటాయి. పైన ఉన్న కొక్కెం ఒక్కో కార్డునీ క్షణం ఆపి వదులుతుంది. టపటపా కార్డులు పడుతుంటే బొమ్మ నడుస్తుంది. మెల్లగా తిప్పితే మెల్లగా, ఆపితే అక్కడికక్కడే. సినిమా వేగం మీ చేతిలో!

ఇంకోచోట టూత్‌పిక్‌లతో కట్టిన బుల్లి తిరనాళ్ల ఉంది. ఎంత ఓపిక కావాలి!

ఈ యంత్రాలను ముట్టుకోవద్దనే బోర్డు పెట్టి అద్దాల వెనక దాచేయొచ్చు. ఎడ్వర్డ్ అలా చేయలేదు. నా లెక్కలో ఆయన చేసిన గొప్ప పని అదే. ఆడితే అరుగుతాయి, నిజమే. అరిగినవాటిని బాగుచేస్తూ ఆడనివ్వాలి. 2004లో ఆయన పోయాక కూడా కొడుకు డాన్ ఆ పద్ధతినే కొనసాగించాడు.

[దృశ్యం: పొగ కమ్ముకున్న పియర్]

2020 మే 23న పియర్ 45లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఒక గోడౌన్ మొత్తం కాలిపోయింది. అదృష్టం కొద్దీ మ్యూజియం ఉన్న షెడ్డు దాకా మంటలు రాలేదు.

బే ఏరియాలో, అంటే శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న మనవాళ్లూ, చుట్టాలొస్తే గోల్డెన్ గేట్ వంతెన చూపించాక ఇక్కడికీ తీసుకెళ్లండి. లోపలికి టికెట్ లేదు. జేబులో క్వార్టర్ నాణేలు మాత్రం వేసుకెళ్లండి.